మూడుసార్లు మోగించి పెట్టేస్తే

శిరీషమ్మ వంటింటి గడప మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. ఆవిడ గొంతు మాత్రం పక్కగదిలో అక్కతో కబుర్లు చెబుతోంది.

"గోంగూర ఒలుస్తున్నానక్కా. ఇవాళ ఎర్రకాడది దొరికింది," అంటోంది గొంతు.

"నీ చేతి గోంగూర తిని ఎన్నాళ్లయిందే శిరీ. నీలాగా ఎవరికి కుదురుతుంది చెప్పు," అంటోంది అటునుంచి అక్క.

శిరీషమ్మ చేతిలో కాడ అలాగే ఉండిపోయింది.

పక్కగదిలో ఉన్నది చెవిగింజ. బియ్యపుగింజంత ఉంటుంది, చెవిలో పెట్టుకుంటే అదే ఫోను. పనిలో ఉన్నప్పుడు తీసి గింజపెట్టెలో పడేస్తారు. పెట్టె మూత వేసి ఉంటే దాని మాటలు బయటికి వినపడవు. ఆ పొద్దున తుడుస్తూ తుడుస్తూ మూత తెరిచి వదిలేసింది శిరీషమ్మ, అందుకని వినపడింది.

మరి మనిషి ఇక్కడుంటే గొంతు అక్కడెలా మాట్లాడుతుందీ అంటే, అదే వంతగొంతు. బుర్రకథలో కథకుడి పక్కన వంత పాడేవాళ్లు ఉండేవారే, అలాంటిదన్నమాట. గింజ మన మాటలన్నీ ఏళ్లతరబడి విని విని, మన గొంతుతో, మన ధోరణిలో, మన బదులు మాట్లాడుతుంది. నిద్రలో ఉన్నా, స్నానంలో ఉన్నా, ఒట్టినే విసుగ్గా ఉన్నా సరే, వచ్చిన పిలుపు ఒక్కటీ వృథా పోదు. రోజూ ఫలానావాళ్లని పలకరించమని చెప్పిపెడితే తనే పిలిచి పలకరిస్తుంది కూడా. మాట్లాడేది మనిషో వంతో అవతలివాళ్లకి చెప్పాల్సిన పని లేదు. అలా అని చట్టమే ఉంది.

చెప్పొద్దూ, మొదట్లో అందరికీ హాయిగానే ఉంది. చీరాలలో అత్తాకోడళ్ల తగువులు సగానికి సగం చల్లబడ్డాయి. వంతగొంతుకి కోపం రాదు, ఎత్తిపొడవదు, పాతవి తవ్వదు. ఆ తర్వాత మెల్లగా పురుగు దొలవడం మొదలైంది. మొగుడు ఫోనులో ముద్దుగా మాట్లాడితే పెళ్లానికి అనుమానం. కొడుకు ఓపిగ్గా విన్నాడంటే తండ్రికి అనుమానం. పెళ్లిళ్లలో ఎదురెదురుగా కూర్చున్న చుట్టాలు కూడా ఒకరి చెవిలోకి ఒకరు తొంగిచూసుకునే రోజులొచ్చాయి. ఎవరైనా తియ్యగా పలకరిస్తే చాలు, ఇది మనిషి కాదేమోనని ఒళ్లు జలదరించేది.

శిరీషమ్మకి మాత్రం అక్క మీద ఆ అనుమానం ఇన్నాళ్లూ రాలేదు. ఎందుకంటే దొంగ తనే కదా.

వాళ్లమ్మ పెద్దకర్మ నాడు జరిగిందది. విస్తళ్ల ముందు నలుగురూ కూర్చుని ఉండగా అక్క హిమబిందు వడ్డిస్తూ వడ్డిస్తూ, "నువ్వొస్తావని అమ్మ చూసి చూసి, ఆఖరికి నీ పేరెత్తడమే మానేసింది," అనేసింది. ముద్ద నోట్లో పెట్టకుండానే లేచి రాజమండ్రి నుంచి వచ్చేసింది శిరీషమ్మ. కోపం తగ్గేదాకా అనుకుని అక్క పిలుపుల్ని వంతగొంతుకి అప్పగించింది. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు, పెరిగిందా అంటే పెరగలేదు. ఉట్టి మీద కుండలా అలా వేలాడుతూ ఏళ్లు గడిచిపోయాయి. అక్క అవతలినుంచి రోజూ నోరారా మాట్లాడుతోందని, తానే మోసం చేస్తున్నానని లోపల్లోపల ఒక ముల్లు.

ఇప్పుడీ గోంగూర మాట విని ఆ ముల్లు ఇంకోవైపు తిరిగింది.

హిమబిందు పుట్టి బుద్ధెరిగాక చెల్లెలి వంటని మెచ్చుకున్న పాపాన పోలేదు. మొదటి ముద్దకే "ఉప్పు చూశావా?" అనేది. రెండో ముద్దకి "అమ్మ ఇలా చెయ్యదే" అనేది. ఆ మనిషి నీలాగా ఎవరికి కుదురుతుందీ అందంటే, అది ఆ మనిషి కాదు.

అంటే ఇన్నేళ్లుగా రెండు గింజలు ఒకదానితో ఒకటి కబుర్లు చెప్పుకుంటున్నాయి. ఇక్కడ శిరీషమ్మ లేదు. మరి అక్కడ హిమబిందు ఉందా?

వెనకవీధి పెద్దాయన పోయాక కూడా ఆయన వంతగొంతు చుట్టాలందరినీ కులాసా అడుగుతూనే ఉందట. పెళ్లిశుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్లు గోడమీద దండ వేసిన ఫొటో చూసి తెల్లబోయారు. ఆ కథ ఊరంతా తెలిసిందే. అక్కకి పిల్లల్లేరు. బావ పోయి చాలాకాలమైంది. ఒక్కతే ఉంటోంది.

శిరీషమ్మ చేతులు కడుక్కోకుండానే గింజ తీసి చెవిలో పెట్టుకుంది.

"అక్కా, నువ్వేనా?"

"నేను కాక ఇంకెవరే పిచ్చిమొహమా."

"చిన్నప్పుడు జామచెట్టు మీదనుంచి పడింది ఎవరు?"

"నువ్వే. మోచెయ్యి విరిగింది. నేను తోశానని అమ్మతో చాడీ చెప్పావు."

అంతా నిజమే. కానీ ఆ జామచెట్టు కథ వాళ్లిద్దరూ ఫోనులో ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నారో. నోటితో అన్నదేదైనా గింజకి తెలుసు. నోటితో ఎన్నడూ అననిది కావాలి. పోనీ, రైలెక్కి వెళ్లి తలుపు కొడదామా అంటే, అక్క నిజంగానే రోజూ మాట్లాడుతున్న మనిషైతే? "ఇన్నాళ్లూ నాతో మాట్లాడింది నువ్వు కాదుటే" అంటే ఏ మొహం పెట్టుకుంటుంది?

నోటితో అననిది ఒక్కటుంది. అది తోచేసరికి శిరీషమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుని, గింజపెట్టె సంచిలో వేసుకుని స్టేషనుకి బయల్దేరింది.

స్టేషను బయట గోడకి ఒక ఫోను ఉంది. పెద్ద తుపాను వచ్చి చెవిగింజలన్నీ మూగబోయిన ఏడు, సముద్రం ఒడ్డునున్న ఊళ్లన్నిటికీ తీగతో నడిచే ఫోను ఒక్కొక్కటి పెట్టమని ప్రభుత్వం చెప్పింది. జనం దాన్ని గోడఫోను అన్నారు. ఆపదకోసం పెట్టింది కాబట్టి దాని పిలుపుని వంతగొంతు అందుకోకూడదని నియమం. మనిషి చెవిలోనే మోగాలి. అలాగే దానికి పిలవాలన్నా మనిషే పిలవాలి. బిళ్ల వేసి మాట్లాడాలి. అవతలివాళ్లు ఎత్తకపోతే బిళ్ల తిరిగి కిందికి పడిపోతుంది.

ఆవిడ వెళ్లేసరికి ఫోను ముందు ఇద్దరు పనివాళ్లు మరమేకులు విప్పుతున్నారు. పక్కన పురపాలక ఇంజనీరు ప్రణీత్ గొడుగు కింద నిలబడి ఉన్నాడు. అతనికి ఎదురుగా టైర్లకొట్టు సుభానీ చేతులడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్కసారి మోగించుకోనివ్వండి సార్. మా అన్న ఎదురుచూస్తుంటాడు," అంటున్నాడు సుభానీ.

"ఏం మోగించుకుంటావయ్యా? దీనిమీద ఒక్క మనిషీ మాట్లాడింది లేదు. ఉప్పుగాలికి తీగ తుప్పు పడుతుంది, మార్చాలి. పిడుగు పడితే పెట్టె మార్చాలి. రాబడి చూస్తే సున్నా. మరి రోజూ ఇక్కడ ఇంతమంది ఎందుకు మూగుతున్నారు? నాకేదో అనుమానంగా ఉంది."

"అనుమానం నీకే కాదు నాయనా, అందరికీ ఉంది. అందుకే మూగుతున్నారు," అంది శిరీషమ్మ.

ప్రణీత్ ఆవిడ చెవికేసి చూశాడు. ఆ రోజుల్లో కొత్తవాళ్లని అలాగే చూసేవాళ్లు.

"మాట్లాడకుండా ఫోనుతో ఏం పనమ్మా?"

"మిస్డ్ కాల్ ఇస్తారు."

"అంటే?"

పిలుపన్నది తప్పిపోవడమే లేని లోకంలో పుట్టాడు, పాపం, అతనికెలా తెలుస్తుంది?

"మోగించి, ఎత్తేలోగా పెట్టేయడం బాబూ. మా చిన్నప్పుడు అందరూ అదే పని. మాట్లాడితే డబ్బులు, మోగిస్తే ఊరికే. అక్క గుంటూరు హాస్టల్లో ఉండేది. మా వీధిచివర కిరాణాకొట్లో ఎర్రటి రూపాయి ఫోను డబ్బా ఉండేది. ఒకసారి మోగితే క్షేమంగా చేరానని. రెండుసార్లయితే, అమ్మ కోపంగా ఉంది, ఇప్పుడు చెయ్యకు అని. మూడుసార్లయితే, నువ్వే చెయ్యి అని. ఆ ఒక్క రూపాయితో మేము ఏడాది గడిపాం."

"అది మోసం కదమ్మా. సర్కారు తీగ వాడుకుని పైసా కట్టకుండా..."

"కాదని నేనన్నానా?"

సుభానీ నవ్వాడు. "మా అన్నకీ నాకూ అంతే సార్. నేను ఒకసారి మోగిస్తా, వాడు ఒకసారి మోగిస్తాడు. ఉన్నాడని తెలుస్తుంది. వాడి వంతతో అయితే రోజూ గంటసేపు మాట్లాడతా. ఏం లాభం? నిన్ననే నన్ను తమ్ముడూ బంగారం అన్నాడు. మా అన్న నన్ను గాడిద అనకుండా ఒక్క మాటైనా మాట్లాడతాడా?"

ప్రణీత్ పనివాళ్లని ఆగమని చెయ్యెత్తాడు. "సరే, చివరిసారి. పెద్దావిడ ముందు కానివ్వండి. తర్వాత విప్పేస్తాం."

శిరీషమ్మ బిళ్ల వేసింది. అక్క నంబరు వేలికి ఇంకా గుర్తుంది. ఒకటి. రెండు. మూడు. పెట్టేసింది. బిళ్ల గలగలమంటూ కిందికి పడింది.

గోడఫోను మూగగా ఉండిపోయింది. సుభానీ తలవంచుకుని నిలబడ్డాడు. పనివాళ్లలో ఒకడు బీడీ ముట్టించబోయి మానుకున్నాడు.

అంతలో శిరీషమ్మ చెవిలో గింజ పలికింది. "ఏమే శిరీ, ఎక్కడున్నావ్? ఎండలో తిరగకు, కళ్లు తిరుగుతాయి."

"అక్కా, ఇప్పుడు నీ చెవిలో గోడఫోను పిలుపు మోగిందా?"

"మోగిందే. నువ్వేననుకున్నాను."

"ఎన్నిసార్లు మోగింది?"

"చాలాసార్లు మోగింది తల్లీ. పనిలో ఉండి చూసుకోలేదు. ఎందుకలా అడుగుతున్నావ్? బాగున్నావా?"

చాలాసార్లు. ఎవరు ఏం వినాలనుకుంటే అది చెప్పే గొంతు. శిరీషమ్మ గింజ పీకి పెట్టెలో పడేసి, మూత కూడా వెయ్యకుండా సంచిలోకి తోసేసింది. గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ఎప్పటినుంచి లేదో. ఏ కార్తీకంలో పోయిందో, ఏ వానల్లో పోయిందో. ఆ తియ్యటి గొంతు తన గోంగూరని మెచ్చుకుంటూనే ఉంది. అమ్మ ఆఖరి మాట తనకి దక్కలేదు. అక్కదీ దక్కలేదు.

"అమ్మా, ఇక విప్పమంటారా?" అన్నాడు ప్రణీత్ మెత్తగా.

పనివాడు మరమేకు మీద పట్టకారు పెట్టాడు.

గోడఫోను మోగింది.

అందరూ దానివంక చూశారు. ఎత్తబోయిన పనివాడి చెయ్యి పట్టుకుని ఆపాడు సుభానీ. మళ్లీ మోగింది. మూడోది రాలేదు.

రెండే.

"రెండంటే ఏంటమ్మా?" అడిగాడు ప్రణీత్. తను గొంతు తగ్గించి అడుగుతున్నానని అతనికి తెలియలేదు.

"అమ్మ కోపంగా ఉంది, ఇప్పుడు చెయ్యకు అని."

"మీ అమ్మగారు ఇంకా..."

"పోయి చాలా ఏళ్లయింది." శిరీషమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వాళ్లకి తెలియలేదు. "అమ్మ లేదుగా. మరి ఆ ఇంట్లో కోపంగా ఉన్నదెవరు? అదే. బతికే ఉంది. కోపం కూడా పిసరంత తగ్గకుండా అలాగే పెట్టుకుంది, చూశావా దాని పొగరు. ఇన్నేళ్లలో నాతో మా అక్క ఆడిన నిజమైన మాట ఇదొక్కటే నాయనా."

సుభానీ చెయ్యిచ్చి లేపాడు. "మరి ఇప్పుడేం చేస్తావు పెద్దమ్మా? ఫోను చెయ్యొద్దంది కదా."

"చెయ్యొద్దంది. రావొద్దనలేదుగా."

అంతే. ఇంటికి కూడా పోకుండా అటే టికెట్ల కిటికీ వైపు నడిచింది.

రాజమండ్రి వైపు వెళ్లే రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం అరుగుమీద కూర్చుంది. అక్కడినుంచి ఇనపకమ్మీల సందుల్లో గోడఫోను కనపడుతోంది. సుభానీ ఒకసారి మోగించి పెట్టేసి, అన్న గంట విని వెళ్లిపోయాడు. పనివాళ్లు టీకి వెళ్లారు. ప్రణీత్ ఒక్కడే మిగిలాడు. అటూ ఇటూ చూశాడు. చెవిలోంచి గింజ తీసి జేబులో వేసుకున్నాడు. బిళ్ల వేసి, ఒకసారి మోగనిచ్చి, పెట్టేశాడు. ఎవరికో మరి. పెళ్లానికో, తల్లికో. ఆ తర్వాత ఎండలో, గొడుగు సంగతి మరిచిపోయి, ఆ ఫోను ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అది మోగిందో లేదో శిరీషమ్మకి తెలియలేదు. రైలొచ్చి అడ్డం నిలబడింది.

కిటికీ పక్కన సీటు దొరికింది. ఒడిలో సంచిలోంచి రెండు గొంతులు వినపడుతున్నాయి.

"గోంగూరలో ఎండుమిరపకాయలు ఎక్కువ వెయ్యకే, నీకు పడదు," అంటోంది ఒకటి.

"నా గురించి నీకెంత బెంగక్కా," అంటోంది రెండోది.

ఎదురు సీటావిడ మురిసిపోయింది. "అక్కచెల్లెళ్లంటే అలా ఉండాలి," అంది.

"అవునమ్మా, వాళ్లిద్దరికీ ఎన్నడూ మాటా మాటా రాలేదు," అని శిరీషమ్మ పెట్టె మూత నొక్కేసింది. ఆ తర్వాత కిటికీలోకి తిరిగి, విస్తరి ముందునుంచి లేచిన రోజు గొంతులోనే మిగిలిపోయిన జవాబుని, తలుపు తియ్యగానే ముందు ఎక్కడినుంచి మొదలుపెట్టాలా అని పెదాలు కదుపుతూ కూర్చుంది.