ఆ ఏటి పత్తి కట్టె

"ఆ మోపుల మీద చెయ్యి వేశావంటే ఇక ఈ ఇంట్లో నా ముఖం చూడవు! చెప్తున్నా... ఆ తరవాత నీ ఇష్టం!"

అత్తగారు పెరట్లో పత్తి కట్టె వామికి వీపు ఆనించి మొండిగా కూర్చుండిపోయింది. పొద్దుటినుంచి మంచినీళ్ళయినా ముట్టలేదు. కోడలు గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. పొద్దున చీపురు తగలగానే అడుగు మోపు పొడిపొడిగా రాలిపోయింది. చెదలు! వీధి చివర నిలబెట్టిన ఇనుప బట్టీ పొద్దుగూకేలోపు వేరే ఊరికి వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చేది వచ్చే పంటకే. అప్పటిదాకా ఆగితే చెదలు ఒక్క పుల్లయినా మిగల్చవు.

ఆ బట్టీలో పని చేసేది ఈ కోడలే. పంట తీశాక చేలో మిగిలిన కాడలనూ కట్టెనూ కాల్చి బొగ్గు చేసి, మట్టిలో కలిపే పని. అందుకే వీధిలో అందరూ ఆమెను బొగ్గులమ్మ అంటారు. అందరి చేలలో కట్టె కాల్చిన మనిషి, సొంత పెరట్లోది మాత్రం రెండేళ్ళుగా ముట్టుకోలేకపోయింది. అది ఆమె భర్త ఆఖరి పంట తాలూకు కట్టె మరి!

ఎండెక్కేసరికి ఆ వామి చిటచిటమంటుంది. ఎండుకట్టె చేసే చప్పుడే, ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా విన్నప్పుడల్లా ఆయన మంచం మీద ఒత్తిగిలినట్టే ఉంటుంది. "ఏం నాయనా, ఎండగా ఉందా?" అని అత్తగారు వామితో మాట్లాడుతుంది. కోడలికి ఒళ్ళు జలదరిస్తుంది. దెయ్యమని కాదు... జవాబు వస్తుందేమోనని తనూ చెవులు రిక్కిస్తున్నందుకు!

"ఏమే బొగ్గులమ్మా! నీళ్ళ డ్రమ్ములు నింపేశాం, వస్తున్నావా లేదా?" దడి అవతలినుంచి బట్టీ నడిపే పెద్దమ్మ కేకేసింది. "మీ అత్తాకోడళ్ళ పంచాయితీ తేలేసరికి మా బట్టీ తుప్పు పట్టేట్టుంది!"

"మీరు కాస్త ఆగండి పెద్దమ్మా!" అని కోడలు అత్తగారి ముందు కూలబడింది.

"అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను. చెదలు తినేస్తున్నాయి..."

"తిననీ! నా కొడుకు తన చేతులతో కట్టిన మోపులు నిప్పులో వేస్తావా? నీకు మనసెలా వచ్చిందే?"

ఆ మాటతో ఇన్నాళ్ళూ గుండెల్లో దాచుకున్నది తన్నుకొచ్చేసింది.

"ఆయన కట్టలేదు అత్తయ్యా... ఒక్కటి కూడా! ఆయనకు పుల్ల లేపే ఓపిక కూడా లేదు. గట్టు మీద కూర్చుని దగ్గుతుంటే నేనే పీకాను, నేనే కట్టాను. 'అమ్మతో నేనే కట్టానని చెప్పు, లేకపోతే తట్టుకోలేదు' అని ఒట్టు వేయించుకున్నారు... నన్ను క్షమించండి!"

అత్తగారు తిట్టలేదు, అరవలేదు. పక్కనున్న మోపు పురికొస మీద నెమ్మదిగా వేళ్ళు తిప్పింది.

"తెలుసు," అంది.

"అత్తయ్యా!"

"వాడికి ముడి వెయ్యడం నేర్పింది నేనేనమ్మా. మొదటి రోజే చూశాను, ఇవి నీ ముడులని. నా కొడుకు చేతులు అంతగా చచ్చుబడ్డాయా అని ఆ రోజు గోడకేసి తల కొట్టుకున్నాను. కానీ నువ్వు వాడి మాట నిలబెడుతున్నావ్... తెలుసని నీతో ఎలా అనను? ఎవరు కడితే ఏం, వాడు చూస్తూ ఉండగా కట్టినవి కదా!"

ఎంత గుండె దిటవో చూడండి ఆ ముసలిదానికి! రెండేళ్ళు... ఒక్క చూపులోనైనా బయటపడలేదు!

కోడలు ఆవిడ చేతులు పట్టుకుంది. "ఆ ఏడంతా ఆయన చేలోనే కూర్చున్నారు అత్తయ్యా. మనం వదిలే గాలే మొక్కలు పీల్చుకుని కట్టె అవుతాయట. అంటే ఆయన ఊపిరి ఈ పుల్లల్లో ఎంతో కొంత ఉంది! చెదలు తిన్నా, కుళ్ళినా అది మళ్ళీ గాలిలోకి పోతుంది. బొగ్గు చేసి మట్టిలో పెడితే వందల ఏళ్ళు ఉంటుంది. నన్ను నమ్మండి!"

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని లేచి, మొదటి మోపు తనే నెత్తికెత్తుకుంది.

బట్టీకి మంట పైనుంచి అంటిస్తారు. పై పుల్లల మీద బూడిద తెల్లగా కనిపించగానే తరవాతి మోపు పడాలి, ఆలస్యమైతే బొగ్గు కాస్తా బూడిదవుతుంది. ఆ లెక్క కోడలికి కొట్టిన పిండి. కానీ ఆఖరి మోపు చేతికి వచ్చేసరికి ఆమె చెయ్యి కదల్లేదు. మంటలోంచి ఎవరో దగ్గినట్టయింది. తెలుపు పెరిగిపోతోంది...

"వెయ్యమ్మా! బూడిదైపోతోంది, వెయ్యి!" అత్తగారు గొంతు చించుకుని అరిచింది.

మోపు పడింది. అది కాలాక డ్రమ్ముల్లో నీళ్ళు కుమ్మరిస్తే ఆవిరి భగ్గున లేచింది. చల్లారిన బొగ్గును అత్తగారు గంపల్లోకి ఎత్తుతూ, "ఇది మన చేలోకే. గుప్పెడు కూడా ఇంకెక్కడికీ పోనివ్వను!" అని పెద్దమ్మకు గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చాక కోడలు నల్లటి చేతులతో పెరట్లోకి నడిచి, సగం దూరంలో ఆగిపోయింది. ఎటు వెళ్ళాలో తెలియక అలాగే నిలబడింది.

"ఏడవడానికేగా?" వెనక అరుగు మీద కూర్చుంటూ అత్తగారు అంది. "రెండేళ్ళూ వామి వెనక్కి వెళ్ళి ఏడ్చేదానివి. నేను ఇవతల కూర్చుని వినేదాన్ని. ఇక చాటు ఎక్కడిదే పిచ్చిదానా? ఇలా రా."

కోడలు వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది.

"ఆయన ఇక రారు అత్తయ్యా..."

రెండేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"రాడమ్మా," అంది అత్తగారు, ఆమె తల నిమురుతూ.