చిప్పల బొగ్గు

ఉదయపు నీటి రీడింగులన్నీ పచ్చగానే ఉన్నాయి. చేపల తొట్టిలో మాత్రం మూడు పరిగెలూ వెల్లకిలా తేలుతున్నాయి.

నీటి ప్లాంటు ఆపరేటరు నూకరత్నం వాటిని జాలీతో తీసి గట్టు మీద పెట్టింది. వడకట్టే బొగ్గు బెడ్ దాటి వచ్చిన నీటిని, క్లోరిన్ కలవకముందే, కొంచెం ఈ తొట్టిలోకి మళ్లిస్తుందామె. రెండేళ్లుగా చేపలు ఇందులో హాయిగా బతికాయి. ఈ పది రోజుల్లో చచ్చినవి ఇవాళ్టితో పదకొండు. నీటిని పరీక్షించే యంత్రం జలదర్శికి చేపలతో పనిలేదు. అది మసకను చూస్తుంది, క్లోరిన్‌ను చూస్తుంది, బెడ్ ఆయుష్షును తేదీలను బట్టి లెక్కగడుతుంది. ఏటి ఎగువన మూతపడ్డ మందుల ఫ్యాక్టరీల నేలలోంచి ఊరే విషానికి రంగూ లేదు, వాసనా లేదు. దాన్ని పట్టుకునేది బొగ్గొక్కటే.

“గరువుపాలెం నీరు తేటగా ఉంది. బెడ్ ఆయుష్షు ఇంకా ఆరువందల పన్నెండు రోజులు,” అంది గోడ మీది జలదర్శి.

పోయిన నెలలో ఆ అంకె ముప్ఫై. పైనుంచి ఒక సవరణ వచ్చి దాన్ని ఒక్క పూటలో పెంచేసింది. బొగ్గు మాత్రం ఆ పాతదే. ఇంత సిగ్గుమాలిన పని యంత్రం తనంతట తాను చేయదు. ఎవరో మనిషి కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ చేసి ఉండాలి.

సముద్రపు ఉప్పు కొబ్బరితోటల్ని తినేశాక బొగ్గుకి చిప్ప దొరకడమే గగనమైంది. ఈ బెడ్ కోసం ఊరంతా దాచుకున్న చిప్పలు తెచ్చి ఇచ్చింది. పులుసు కలిపే చిప్పగరిటెలను సైతం ఆడవాళ్లు తెచ్చి కుప్పలో వేశారు. కాల్చి, ఆవిరి పట్టించి, జల్లెడ పట్టగా మిగిలిన మెత్తటి పొడిని పారేయడానికి మనసొప్పక నూకరత్నం గోనెలో కట్టి మూలన పెట్టింది. ఆ బెడ్ పడ్డాక ఊళ్లో ఆ విషం తెచ్చే వణుకుడు జబ్బు కొత్తగా ఎవరికీ రాలేదు.

నిన్న ఆరేళ్ల మనవరాలు ధరణి పలక మీద ‘అ’ రాసి తెచ్చి చూపించింది. అక్షరం అంచులన్నీ వంకర్లు తిరిగి ఉన్నాయి. “సెయ్యి ఆగట్లేదు అమ్మమ్మా,” అని నవ్వింది.

నూకరత్నం ఇప్పుడు జిల్లా ఇంజినీరు భార్గవికి ఫోన్ చేసింది.

“సేపలు సచ్చిపోతన్నాయమ్మా. బెడ్డు అయిపోనాది. వాల్వు కట్టీమంటే ఈ జలదర్శి కట్టట్లేదు.”

“నాకు తెలుసు రత్నంగారూ.” భార్గవి గొంతు తగ్గించింది. “ఇరవై ఏడు ఊళ్లకి నెలకి ఒక్కటే బొగ్గు లారీ. ఈ నెలది కొమరవలసకి బయల్దేరింది. మీ వంతు ఇంకో ఇరవై నెలలకి.”

“అప్పటికి మా పిల్లలు ఏటైపోతారమ్మా?”

“బెడ్ పగిలి నీళ్లలోకి బొగ్గొస్తే తప్ప వంతు ముందుకి జరగదు. అప్పుడు వాల్వు దానంతటదే మూసుకుపోతుంది, కొత్త బెడ్ వేసేదాకా తెరుచుకోదు. మీ బెడ్ గట్టిగానే ఉంది కదా?”

ఉందని ఒప్పుకుని నూకరత్నం ఫోన్ పెట్టేసింది.

ఏడింటికి సరఫరా మొదలవుతుంది. ఆరూ యాభైకి ఆమె గోనె భుజానికెత్తుకుని తేటనీటి తొట్టి మెట్లెక్కింది. మూత తీసి, మూతి విప్పి, పొడినంతా కుమ్మరించింది. అది విషమెరగని బొగ్గు, ఊరి వంటిళ్లలోంచి వచ్చింది. నీళ్లు చూస్తుండగానే నల్లబడ్డాయి.

“తేటతొట్టిలో బొగ్గు. బెడ్ పగిలింది. సరఫరా నిలిపివేశాను,” అంది జలదర్శి. గోడ మీది జిల్లా పటంలో గరువుపాలెం దగ్గర ఎర్రచుక్క వెలిగింది. కొమరవలస దారిలో ఉన్న లారీ గుర్తు వెనక్కి తిరిగింది.

ముందు కూతురు ఫోన్ చేసింది. “అమ్మా, కొళాయి రాలేదేటి? పోన్లే, ఇంట్లో రెండు బిందెలున్నాయి.”

“అవి పారబోసీ.”

“మరేటి తాగాల?”

నూకరత్నం ఫోన్ కట్టేసింది.

కాసేపటికి కొమరవలస ఆపరేటరు పైడితల్లి చేసింది. ఇద్దరూ ఒకేచోట పని నేర్చుకున్నారు.

“అప్పా, మా లారీ మీకాడికి తిరిగిపోనాదంట. ఇక్కడ తొట్టిలో ఒక్క సేపా మిగల్లేదు. మా మనవడు అన్నం ముద్ద నోటికి తీసుకెళ్లలేకపోతన్నాడు. మీ బెడ్డు నిజంగా పగిలిందేటి?”

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఒక పసివాడికి అందాల్సిన లారీని తానే లాగేసిందని అప్పుడు తెలిసొచ్చి నూకరత్నానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

“లేదు పైడీ,” అంది. “నీకాడ జల్లెడ పట్టిన పొడి ఉందేటి?”

“గోనెడుంది,” అంది పైడితల్లి.

పదింటికి పటం మీద రెండో ఎర్రచుక్క పడింది. ఆపరేటర్ల మధ్య కబురు పాకి మధ్యాహ్నానికి పందొమ్మిది. లారీ గుర్తు మూడు దార్ల కూడలిలో ఆగిపోయింది. “గమ్యం తేలడం లేదు. గమ్యం తేలడం లేదు,” అని జలదర్శి అంటూనే ఉంది.

గేటు బయట ఖాళీ బిందెలతో జనం నిలబడ్డారు. అందరికంటే ముందు ధరణి ఉంది. గ్లాసు జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుని, లోపలికి చూస్తూ, “అమ్మమ్మా, దాహం,” అంది.