గడియ గాలికి పడింది

కొత్తగా చేరిన పిల్లలకి ఆ హాస్టల్లో ముందుగా నేర్పేది పక్క సర్దుకోవడం. దుప్పటి అంచులన్నీ పరుపు కిందకి దోపాలి, ఎక్కడా ముడత కనబడకూడదు. ఆ తర్వాత నేర్పేవి గంటలు. లేవడానికో గంట, తినడానికో గంట, చదువుకోడానికో గంట. గంటకి లేచి గంటకి పడుకునే బతుక్కి పిల్లలు త్వరగానే అలవాటు పడిపోతారు. ఇంటి మీద బెంగ మాత్రం గంట కొట్టి రాదు కాబట్టి దానికి అలవాటు పడటమే కష్టం.

మన కథలో పిల్లని అందరూ గుండీ అనేవారు. అది ఇంట్లో పెట్టిన పేరు కాదు. చేరిన మర్నాడే లీడరక్క తగిలించిన పేరు.

లీడరక్క పై తరగతి పిల్ల. కొత్తపిల్లలు పడుకునే పెద్దగదికి ఆమే పెద్ద. ఎవరు ఏ మంచం మీద పడుకోవాలో చెప్పేది, రాత్రి దీపాలు ఆర్పేది, లోపలి నుంచి తలుపుకి గడియ పెట్టేది ఆమే. వార్డెన్ మేడం ముందు నోట్లో వేలు పెట్టినా కొరకలేనంత అమాయకురాలు. మేడం అటు తిరిగిందంటే వేలేం ఖర్మ, చెయ్యి మొత్తం కొరికేసే రకం.

గుండీ వాళ్ళమ్మ ఆ ఎండాకాలంలోనే పోయింది. కూతురికి ఇక్కడ సీటొచ్చిందని తెలిసేనాటికే ఆవిడ మంచం పట్టి ఉంది. అయినా యూనిఫాం చొక్కాలకి గుండీలు నేనే కుడతానని పట్టుబట్టి, తలగడకి ఆనుకుని కూర్చుని కుట్టింది. ఊడిపోకుండా ఒక్కో గుండీకీ వెనకాల రెండేసి ముళ్ళు వేసింది. "ఇవి ఊడేసరికి నువ్వు పెద్దదానివైపోతావులే" అంది. ఆ చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దేటప్పటికి అమ్మ లేదు.

హాస్టల్లో మొదటి రాత్రి ఆ పిల్ల నిద్ర పట్టక చొక్కా ఒళ్ళో పెట్టుకుని గుండీలు తడుముకుంటూ కూర్చుంది. అది లీడరక్క కంట పడింది. మర్నాడు పొద్దున్నే బ్లేడు తెచ్చి, పెట్టెలోని చొక్కాలన్నిటికీ గుండీలు వరసగా కోసి పారేసింది.

"ఇక్కడ ఎవరి గుండీలు వాళ్ళే కుట్టుకోవాలి. నేర్చుకో" అంటూ వాటిని దోసిట్లో పోసుకుని తీసుకెళ్ళి బాత్రూం తూములో పోసి నీళ్ళు కొట్టింది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. కొందరు సరదాకి, మిగతావాళ్ళు తమ వంతు రాకూడదని.

గుండీ ఏడవలేదు. చొక్కాకి పిన్నీసులు పెట్టుకుని తరగతికి వెళ్ళింది. మేడంకి చెబుదామంటే నాన్న మాట గుర్తొచ్చింది. నాన్న లారీ డ్రైవరు, వారాల తరబడి రోడ్ల మీదే ఉంటాడు. దింపి వెళ్ళేటప్పుడు, "గొడవలు తెచ్చుకోకమ్మా. నిన్ను ఇంటికి పంపించేస్తే ఇంట్లో ఎవరున్నారు చెప్పు" అన్నాడు. అందుకని నోరు మూసుకుంది. కానీ మనసు మూసుకోలేదు. ఆ పిల్ల ఒంట్లో ఉన్నదంతా కోపమే. నా చేత్తో నేను దీన్ని ఏడిపించకపోతే చూడు అనుకుంటూ పడుకునేది, అదే అనుకుంటూ లేచేది.

గుండీ మంచానికి పై మంచం మీద పడుకునే పిల్ల కిందటేడు చేరింది. కాస్త జాలిగుండె. ఒకరోజు దీపాలు ఆర్పాక, కిందికి వంగి గుసగుసగా చెప్పింది.

"నిన్ను తడిగదిలో పెడతారు. కొత్తవాళ్ళందర్నీ పెడతారు. భయపడకు."

"ఎందుకు పెడతారు?"

"వాళ్ళనీ పెట్టారు కాబట్టి."

తడిగది అసలు పేరు ఆరవేసే గది. వానాకాలంలో బట్టలు అందులో ఆరేస్తారు. ఏదీ సరిగ్గా ఆరి చావదు కాబట్టి పిల్లలు దానికి తడిగది అని పేరు పెట్టారు.

"లోపల ఉన్నప్పుడు ఎవరో అడుగుతారు, గడియ ఎవరు పెట్టారు అని. గాలికి పడిందని చెప్పు. అంతే. ఇంకేం మాట్లాడకు."

"ఎవరడుగుతారు?"

పై మంచం పిల్ల ఇంకాస్త కిందికి వంగింది. తర్వాత ఆ హాస్టల్లో ఒకరి నుంచి ఒకరికి చేరుతూ వచ్చిన సంగతంతా చెప్పింది. ఎప్పుడో ఒక కొత్తపిల్లని తడిగదిలో పెట్టి సరదాగా గడియ పెట్టారట. ఆ సాయంత్రమే సెలవులిచ్చారు. నువ్వు తీశావనుకుని నేను, నేను తీశాననుకుని నువ్వు, అందరూ పెట్టెలు సర్దుకుని ఇళ్ళకి పోయారు. సెలవులయ్యాక గడియ ఎవరు పెట్టారని పెద్దవాళ్ళు ఒక్కొక్కర్నీ పిలిచి అడిగితే, అందరూ ఒకటే మాట చెప్పారు. గాలికి పడింది.

ఆ తర్వాత హాస్టల్లో అన్ని తలుపులకీ బయటి గడియలు పీకించేశారు. కుక్కలు దూరి బట్టలు లాగేస్తున్నాయని తడిగదికి మాత్రం మళ్ళీ పెట్టించారు. పెద్దగది తలుపుకి బయటివైపు మరలు ఊడదీసిన చిల్లులు రంగు కింద ఇప్పటికీ కనిపిస్తాయి.

"నువ్వు కూడా గాలికి పడిందనే చెప్పావా?" అని అడిగింది గుండీ.

"అందరం అదే చెప్పాం. లీడరక్క కూడా."

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఆ ఎలుకే మరుసటేడు పిల్లి అవుతుంది, అదే హాస్టల్ విచిత్రం.

ముసురు పట్టిన ఒక సాయంత్రం గుండీ వంతు వచ్చింది. కరెంటు పోయింది. పిల్లలంతా చదువుకునే హాల్లో లాంతర్ల చుట్టూ చేరారు. లీడరక్క ఆమెని బట్టలు తెమ్మని పిలిచి, తడిగది గుమ్మం దాటగానే వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోసింది. వెనకాల గడియ పడింది. తుప్పు పట్టిన గడియ, కీచుమని జారి ఠక్కున కూర్చుంది.

"భోజనాల గంటకి ముందొచ్చి తీస్తాలే" అంది లీడరక్క. అడుగుల చప్పుడు దూరమైంది.

లోపల కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. తాళ్ళ మీద చొక్కాలు, లంగాలు, తువ్వాళ్ళు. మొహం తిప్పితే తడి గుడ్డ చెంపకి తగులుతోంది. సబ్బు వాసన, దాని కింద ముక్కిపోయిన గుడ్డల వాసన, దాని కింద ఇంకేదో వాసన. గోడ అవతల వేడినీళ్ళ బాయిలరు గొణుగుతోంది. ఎక్కడో ఒక చొక్కా నుంచి నీళ్ళు కారుతున్నాయి. టప్... టప్...

గుండీ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. కాసేపటికి నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

తాళ్ళు కదిలాయి. ముందు దూరంగా ఉన్న తాడు. తర్వాత దాని ఇవతలిది. ఎవరో బట్టల మధ్యలోంచి, ఒక్కొక్క చొక్కానీ పక్కకి తప్పిస్తూ, నిదానంగా వస్తున్నట్టు... గుండీకి పై ప్రాణాలు పైనే పోయాయి.

చివరి తాడు కదిలి ఆగింది. వేడి ఊపిరి మొహానికి తగిలింది.

"గడియ ఎవరు పెట్టారు?"

చిన్నపిల్ల గొంతు. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

గాలికి పడింది. రెండే మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి కూడా. సరిగ్గా అప్పుడే చొక్కాకి పెట్టుకున్న పిన్నీసు ఊడి గుండెల మీద గుచ్చుకుంది. బ్లేడు, దోసిలి, తూము... అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. అమ్మ వేళ్ళు కూడా.

"లీడరక్క" అంది గుండీ.

బాయిలరు గొణుగుడు కూడా ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నదానికి మొదటిసారి జవాబు దొరికితే, నమ్మడానికి ఎవరికైనా కాస్త సమయం పడుతుంది.

తర్వాత గుండీ చెయ్యిని ఎవరో పట్టుకుని తెరిచారు. అరచేతిలో ఏవో పోశారు. తడిగా, వెచ్చగా, గుండ్రంగా ఉన్నాయి. వెనకాలే గడియ దానంతట అది కీచుమని జారి, తలుపు తెరుచుకుంది.

వసారాలోకి వచ్చి పడింది గుండీ. మసక వెలుతురులో అరచెయ్యి చూసుకుంది. అమ్మ కుట్టిన గుండీలే. దారాలు వేలాడుతున్నాయి, వెనకాల రెండేసి ముళ్ళు అలాగే ఉన్నాయి.

అప్పుడే లీడరక్క టార్చి పట్టుకుని వచ్చింది.

"ఎవరే గడియ తీసింది?"

గుండీ చెయ్యి చాపింది. టార్చి వెలుతురు గుండీల మీద పడింది. లీడరక్క మొహం పాలిపోయింది.

"వీటిని నేనే తూములో పోశాను... నీకెవరిచ్చారు?"

"లోపలున్నారు. చూడక్కా."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆ పిల్ల గొంతు ఎంత మెత్తగా ఉందో. ఎవరో కింది తరగతి పిల్ల తనతో ఆటలాడుతోందనుకుంది లీడరక్క. పళ్ళు కొరుకుతూ, టార్చి ముందుకి పెట్టి లోపలికి అడుగు వేసింది. గుండీ తలుపు మూసింది. తన చేత్తో తనే గడియ పెట్టింది.

అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! వారం రోజులుగా గొంతుకి అడ్డం పడి ఉన్నదేదో దిగిపోయినట్టయింది.

"తియ్యవే. నీ సంగతి చెప్తా" అని తలుపు బాదింది లీడరక్క. గుండీ నవ్వుకుంది.

కాసేపటికి బాదడం ఆగింది. టార్చి కిందపడిన చప్పుడు. తలుపు కింద సందులోంచి వచ్చే వెలుతురు ఆరిపోయింది.

"గుండీ... తియ్యవే... నీకు దండం పెడతా... ఇక్కడెవరో..."

ఆ తర్వాత తలుపుని గోళ్ళతో గీకడం. ఆ తర్వాత అదీ లేదు. తాళ్ళు మాత్రం కదులుతున్నాయి. ఒకటి... దాని ఇవతలిది... తర్వాత తలుపు పక్కనే, చాలా దగ్గరగా, ఆ బొంగురు గొంతు.

"గడియ ఎవరు పెట్టారు?"

గుండీ నవ్వు ఆగిపోయింది.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని లీడరక్క గురించి అనుకుంది గానీ, తన చేతిలోనూ ఒక పార ఉందని ఆ పిల్లకి అప్పటిదాకా తోచలేదు. గబగబా గడియ పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. గోడలో పోత పోసినట్టు కూర్చుంది. "గాలికి పడిందని చెప్పక్కా... గాలికని చెప్పు..." అంటూ తలుపు సందుకి నోరు పెట్టి బతిమాలింది.

లోపల లీడరక్క ఏదో చెప్పింది. సరిగ్గా ఆ క్షణాన భోజనాల గంట మోగింది. కాపలా తాత కసిదీరా కొడుతున్న ఇనప గంట, కొండలు పిండి చేసేలా మోగింది. జవాబు అందులో కొట్టుకుపోయింది.

గంట ఆగాక గడియ వెన్నలా జారింది.

లీడరక్క గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టంతా తడి. వేలిగోళ్ళు విరిగి ఉన్నాయి. మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు, అసలేమీ లేదు.

"ఏం చెప్పావక్కా?" అని గొణిగింది గుండీ.

"అడిగింది చెప్పాను. నువ్వు చెప్పలేదా?"

అంత మాత్రమే అని వెళ్ళి భోజనాల వరసలో నిలబడింది.

ఆ పూట గుండీకి ముద్ద దిగలేదు. కరెంటొచ్చింది, వాన తగ్గింది, పిల్లలు ఎప్పటిలాగే కబుర్లు చెప్పుకున్నారు. పెద్దగదిలో అందరూ పక్కలెక్కాక లీడరక్క కిటికీలన్నీ ఒక్కొక్కటే మూసింది. తర్వాత గుండీ మంచం దగ్గరికొచ్చింది.

"ఇవాళ తలుపు గడియ నువ్వు పెట్టు."

"నేనెందుకక్కా?"

"నీకు అలవాటేగా."

పిల్లలంతా చూస్తున్నారు. గుండీ వెళ్ళి లోపలి గడియ పెట్టింది. దీపాలు ఆరాయి. తలగడ కింద దాచిన గుండీలు పిడికిట్లోకి తీసుకుని, దుప్పటి తలమీదికి లాక్కుంది. బయట ఆకు కదలడం లేదు. చిన్న గాలి వీచినా బాగుండునని ఆ పిల్ల ఎంతగా కోరుకుందో.

పిల్లల ఊపిర్లు బరువెక్కాయి. అప్పుడు వినిపించింది. టప్... టప్... గది మధ్యలో.

"గడియ ఎవరు పెట్టారు?"

ఈ గదిలో ఉన్న ప్రతి పిల్లకీ జవాబు తెలుసు. అందరూ చెప్పేది అదే. గుండీ ఊపిరి బిగపట్టింది. గాలికి అనండి... గాలికి అనండి...

"గుండీ" అంది చివరి మంచం మీది లీడరక్క.

"గుండీ" అంది దాని పక్క మంచం, నిద్రలోనే.

ఆ పక్క మంచం. దాని పక్కది. కళ్ళు మూసుకున్న పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు, హాజరు పలికినట్టు పలుకుతున్నారు. ఆ మాట వరస తప్పకుండా ఇటే వస్తోంది... ఇంకా దగ్గరికి... ఆఖరున తన నెత్తి మీద, పై మంచం పిల్ల గొంతు, జాలిగా.

"గుండీ."

పిడికిట్లో గుండీలు మళ్ళీ వెచ్చబడ్డాయి. గుండీ ఒక్క ఉదుటున మంచం దిగి, తలుపు దగ్గరికి పరిగెత్తి, తను పెట్టిన గడియ లాగింది. సులువుగానే వచ్చింది. తలుపు తోసింది.

తెరుచుకోలేదు.

అవతల, తుప్పు పట్టిన గడియ ఒకటి కీచుమని జారి, ఠక్కున కూర్చుంది. ఆ తలుపుకి బయటివైపు గడియ లేదు.