ముద్ర లేని వైరు

తిరుమలరావు ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకోబోతుండగా కొడుకు చిరంజీవి ఫోను మోగింది. ఊళ్ళోనే తోర్వా పేటలోని వాళ్ళింట్లో అద్దెకుంటున్న శ్వేత చేసింది. మిక్సీ వేయగానే స్విచ్‌బోర్డు అంటుకుందట. పాప పక్కనే ఉందని కంగారుగా స్విచ్చి ఆపబోతే ఆమె చెయ్యి కాలిందట.

"మొన్ననే కదా వైరింగంతా మార్పించాం!" చిరంజీవి మండిపడ్డాడు. "ఇది ఆ సూర్యంగాడి పనే. ఇప్పుడే రమ్మంటాను."

తిరుమలరావు చేతిలోని ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

ఆయన రైల్వేలో ముప్ఫై అయిదేళ్ళు ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చేసిన మనిషి. రిటైరయ్యాక పొద్దు గడిచేది కాదు. అప్పుడే చిరంజీవి తోర్వాలో రెండు పాత ఇళ్ళు కొన్నాడు. బాగుచేయించి అద్దెకిద్దామని, సామాన్లు కొనే పని తండ్రికి అప్పగించాడు. తిరుమలరావు ఎక్కడో పడగొట్టిన బంగళా టేకు తలుపులూ, తెలిపారా బజారు దుకాణంలో మిగిలిపోయిన టైల్సూ సగం ధరకే తెచ్చాడు. "మా నాన్నలా బేరం ఎవరికీ రాదు" అని కొడుకు నలుగురిలో అంటుంటే ఆయనకి మళ్ళీ డ్యూటీలో చేరినట్టుండేది. ఆ మెప్పు కోసమే చవక వైరు కూడా కొన్నాడు.

"బాబాయ్, దీనిమీద ఐఎస్‌ఐ ముద్ర లేదు. వద్దు" అన్నాడు ఆనాడు సూర్యం. తిరుమలరావు దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"నాకు తెలీదేటి? వేసెయ్" అని ఆయనే కసిరాడు.

అరగంటలో సూర్యం వచ్చాడు. చిరంజీవి గుమ్మంలోనే నిలదీశాడు. "పసిపిల్ల ఉన్న ఇల్లది! నిన్నింక ఈ ఊళ్ళో ఎవరూ పనికి పిలవకుండా చేస్తాను."

సూర్యం ఒక్కసారి తిరుమలరావు వైపు చూసి తల దించుకున్నాడు. "తప్పయిపోనాది బాబూ."

ఆ మాట తిరుమలరావు వినలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"ఆడిది కాదురా, తప్పు నాది. వద్దంటున్నా ఆ వైరు నేనే వేయించాను."

"నువ్వా? నీకు తెలీక కొనుంటావు నాన్నా."

"తెలిసే కొన్నాను."

"ఎందుకు? అంత తగ్గించమని నేనడిగానా?"

వంటింటి గుమ్మంలోంచి తల్లి కనకం గొంతు వినిపించింది. "రోజూ ఇంట్లోకొస్తూనే 'ఈ రోజెంత మిగిల్చావు నాన్నా' అనేవాడివి. తిన్నావా అని ఒక్కనాడైనా అడిగావేట్రా?"

చిరంజీవి గోడకున్న తాళాలు అందుకున్నాడు. "పద నాన్నా, ముందు శ్వేతగారిని ఆసుపత్రికి తీసుకెళ్దాం" అన్నాడు. సూర్యం భుజమ్మీద చెయ్యి వేసి, "క్షమించన్నా" అన్నాడు.

తిరుమలరావు సూర్యానికి చేతులు జోడించబోయాడు. సూర్యం ఆ చేతులు పట్టేసుకున్నాడు.

"వద్దు బాబాయ్. కానీ ఈసారి వైరు నేనే కొంటాను. మీరు దుకాణానికి రావద్దు."

"అలాగేరా."

శ్వేత చేతికి కట్టు కట్టించి తీసుకొచ్చాక, ఆమెకు ఎదురుగా నిలబడి తిరుమలరావు నిజం చెప్పాడు. ఆమె పాపని దగ్గరకు లాక్కుని పక్కింటికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

మధ్యాహ్నం రెండిళ్ళలోనూ వైరు పీకే పని మొదలైంది. సూర్యం నిచ్చెన ఎక్కాడు. తిరుమలరావు కింద పట్టుకున్నాడు.

"మెయిన్ ఆపారా బాబాయ్?"

"ఆపాను. అయినా... నువ్వోసారి చూసుకోరా."

"మీరు ఆపానన్నారు కదా, చాలు" అని సూర్యం వైరుమీద చెయ్యి వేశాడు.

తిరుమలరావుకి కళ్ళలో నీళ్ళు నిండి ఏమీ కనిపించలేదు. నిచ్చెన మాత్రం వదల్లేదు.