మలుపు దాటగానే ఉన్నాను!

హెప్సిబా కారు గిర్రున తిరిగింది.

కొండ మలుపు దాటగానే వెనక చక్రం గడ్డి మీదికి జారింది. అంతే! ఎర్ర కారు బొంగరంలా తిరిగి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. తెర మీద రోడ్డు కనిపించాల్సిన చోట కంచె కనిపిస్తోంది.

“హెప్సీ, ఎక్కడున్నావే? కొండ మలుపు దగ్గరికి వచ్చేస్తున్నా,” అని హెడ్‌ఫోన్‌లో సుదీప్ గొంతు వినిపించింది.

హెప్సిబా స్టీరింగ్ మీద రెండు మీటలున్నాయి. ఒకటి నొక్కి మాట్లాడితే సుదీప్‌కి మాత్రమే వినిపిస్తుంది. రెండోది నొక్కితే పోటీలో ఉన్న పిల్లలందరికీ వినిపిస్తుంది. ఏదో ఒకటి నొక్కి ‘తిరిగిపోయాను, ఆగు’ అంటే చాలు.

ఆ మాట నోట్లోంచి రాలేదు.

ఎందుకంటే అంతవరకూ ఎవరి కారు తిరిగినా అందరికంటే ముందు నవ్వేది హెప్సిబాయే. అందరికీ వినిపించే మీట నొక్కి మరీ పకపకా నవ్వేది. “బొంగరాలాట కాదు బాబూ, కారు రేసు!” అనేది. అలాంటి మనిషి ఇప్పుడు తన కారే తిరిగిందని ఏ నోటితో చెబుతుంది? గబగబా తిప్పేసుకుంటే ఎవరికీ తెలియదులే అనుకుంది. గేరు వెనక్కి వేసింది.

మలుపు చాటు నుంచి సుదీప్ కారు దూసుకొచ్చింది.

ధన్!

రెండు కార్లూ కంచెకి కొట్టుకున్నాయి. రెండింటి చక్రాలూ ఊడిపోయాయి. యానాం జట్టు ఆ రోజు రేసు నుంచి అవుటయిపోయింది.

“అయ్యో, అది నువ్వా! చూళ్లేదే హెప్సీ! సారీ, సారీ!” అన్నాడు సుదీప్.

“యానాం వాళ్లు యానాం వాళ్లనే గుద్దేసుకున్నారర్రోయ్!” అంది కాకినాడ జట్టులోని మౌనిక. అమలాపురం వాళ్లూ రాజమండ్రి వాళ్లూ కూడా నవ్వారు.

హెప్సిబా మాత్రం తేలు కుట్టిన దొంగలా మెల్లగా హెడ్‌ఫోన్ తీసేసింది.

అదంతా జరిగింది యానాంలో, నెహెమ్యా బాబాయి జిరాక్సు షాపు వెనక గదిలో. బాబాయికి కారు ఆటలంటే ప్రాణం. అక్కడ ఒక బల్లకి స్టీరింగ్, కింద పెడల్సూ బిగించి పెట్టాడు. సుదీప్‌కి యానాం పక్కనే మెట్టకూరులో వాళ్లింట్లోనే అలాంటిది ఉంది. వేసవి సెలవుల్లో పిల్లల కోసం ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో పోటీ పెడుతున్నారు. ఊరికో జట్టు, జట్టుకి రెండు కార్లు. తెర మీద మ్యాపు కనిపించదు. మలుపు అవతల ఏముందో తెలియాలంటే ఎవరో ఒకరు మైకులో చెప్పాల్సిందే.

“సుదీప్ కాస్త చూసుకుని నడపాల్సింది,” అన్నాడు బాబాయి తల పట్టుకుని. జిరాక్సు కోసం వచ్చిన వాళ్లని వదిలేసి వచ్చాడేమో, జరిగినదాంట్లో ఆఖరి ధన్ మాత్రమే చూశాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. హెప్సిబా చెప్పలేదు.

రాహేలు మామ్మ కూడా అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది. చర్చిలో ఆరాధన అయ్యాక మనవరాలి ఆట చూద్దామని వచ్చింది. ఆవిడ కంగారుగా లేచింది.

“ఆ పిల్లోడికేం దెబ్బలు తగల్లేదు కదా?”

“అది ఆట మామ్మా!”

“ఆటైతే మాత్రం పాపం, ఎంత బెంగెట్టుకుంటాడో,” అంది మామ్మ.

మామ్మ అన్నంతా అయింది. గురువారం నాడు బాబాయి ఫోన్ చూసుకుంటూ నిట్టూర్చాడు.

“సుదీప్ ఇంక ఆడడంట. తన వల్లే ఓడిపోయామంటున్నాడు. ఫైనల్‌కి ఇంకొకర్ని చూసుకోమన్నాడు. ఇప్పటికిప్పుడు ఎవర్ని తెస్తాం? ఇద్దరు లేకపోతే ఆడనివ్వరు.”

ఫైనల్ వచ్చే ఆదివారమే, అందులో నాలుగు జట్లూ ఆడతాయి. హెప్సిబాకి కప్పు పోతుందన్న బాధ ఒకవైపు. తప్పు చెయ్యని సుదీప్ తప్పు చేశాననుకుని కుమిలిపోతున్నాడన్న బాధ ఇంకోవైపు. రెండోదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ సాయంత్రం పులస చేప పులుసన్నా వద్దనేటంత దిగులేసింది. అదృష్టం కొద్దీ అమ్మ ఆ రోజు వంకాయ కూరే వండింది.

ఫోన్ చేసి చెప్పేద్దామనుకుంది. నంబరు నొక్కి, మోగకముందే పెట్టేసింది.

శనివారం పొద్దున్న నాన్న సామ్యేలు ఆటో తీశాడు. మామ్మ కనకాలపేటలో చెల్లెలి ఇంటికి వెళ్లి రెండు రోజులైంది. ఆవిడని తీసుకురావాలి. హెప్సిబా కూడా వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మలుపు తిరగ్గానే ఆటో ఒక్కసారి దగ్గి, చప్పున ఆగిపోయింది.

“దిగమ్మా,” అన్నాడు నాన్న.

మామ్మ దిగలేదు. “నా మోకాళ్లతో దిగడమూ ఎక్కడమూ నా వల్ల కాదు. నేనిక్కడే ఉంటాను, నువ్వు కానియ్యి,” అని బుట్ట ఒళ్లో పెట్టుకుని రాణిలా కూర్చుంది.

నాన్న ఇంజను వైపు చూడనే లేదు. ముందు రోడ్డు పక్క గానుగ చెట్టు కొమ్మ ఒకటి విరిచాడు. మలుపు దాకా వెనక్కి పరిగెత్తి, అందరికీ కనపడేలా రోడ్డు మీద పడేశాడు. అప్పుడు వచ్చి ఆటో వెనక ఇంజను దగ్గర కూర్చున్నాడు.

అదే సమయానికి హెప్సిబా క్లాసు పిల్లలు సైకిళ్ల మీద వస్తున్నారు. కొమ్మ దగ్గర ఆగి చూసి, “హెప్సీ, మీ ఆటో చెడిపోయిందా?” అని కేకేశారు. హెప్సిబాకి తల కొట్టేసినట్టయింది.

“ఆ కొమ్మ తీసెయ్ నాన్నా! మన బండి చెడిపోయిందని అందరికీ తెలిసిపోతోంది.”

నాన్న నవ్వాడు. “తెలవాలనే కదమ్మా పెట్టింది!”

ఇంకా ఏదో అనబోయాడు. ఇంతలో మలుపు అవతల పెద్ద హారన్ వినిపించింది. కొబ్బరికాయల లారీ! హెప్సిబా చటుక్కున మామ్మ వైపు చూసింది. మామ్మ తాపీగా జామకాయ కొరుక్కుంటోంది.

లారీ కొమ్మని చూసింది. వేగం తగ్గింది. మెల్లగా పక్కకి జరిగి, ఆటోని దాటుకుని ముందుకొచ్చింది.

“ఏం బాబూ, సాయం కావాలా?” అని డ్రైవరు తల బయటపెట్టి అడిగాడు.

“వైరు ఊడిందన్నా, అంతే. అయిపోయింది,” అన్నాడు నాన్న.

లారీ డ్రైవరు నవ్వలేదు. ఎగతాళి చెయ్యలేదు. చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

హెప్సిబా రోడ్డు మీది కొమ్మ వైపు చూసింది. అదే లేకపోతే లారీ నేరుగా మామ్మ కూర్చున్న ఆటో మీదికే వచ్చేది. అప్పుడు ఆ లారీవాడు కూడా ‘చూళ్లేదండీ, సారీ’ అనేవాడేమో. ఆ మాట ఇంతకు ముందు ఎవరి నోట విన్నదో గుర్తొచ్చింది. ఇంక ఆగలేకపోయింది.

“నాన్నా, మెట్టకూరులో ఒక్కసారి ఆపవా? సుదీప్‌తో మాట్లాడాలి.”

వాళ్లు వెళ్లేసరికి సుదీప్ తన స్టీరింగ్‌ని అట్టపెట్టెలో సర్దేస్తున్నాడు. వాళ్లమ్మ అన్నపూర్ణ లోపలి నుంచి, “రామ్మా హెప్సీ! ముంజెలు తిందువుగాని,” అని పిలిచింది.

“తర్వాత తింటానండీ ఆంటీ,” అంది హెప్సిబా. ముంజెలు వద్దనడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. తర్వాత సుదీప్ వైపు తిరిగింది. కళ్లు మూసుకుని గడగడా చెప్పేసింది.

“మొన్న తప్పు నీది కాదురా. నేను ముందే తిరిగిపోయి అడ్డంగా ఆగిపోయున్నాను. నువ్వు ఎక్కడున్నావని అడిగావు కూడా. నేనే చెప్పలేదు.”

సుదీప్ చేతిలోని టేపు కింద పడింది.

“ఎందుకు చెప్పలేదు?”

“సిగ్గేసింది.”

“సిగ్గేస్తే కారు మాయమైపోద్దా ఏంటే!” సుదీప్ మొహం ఎర్రబడింది. “వారం నుంచీ మా అన్నయ్య నన్ను పేరెట్టి పిలవట్లేదు తెలుసా? ‘సొంత బండిని గుద్దినోడా, అన్నం తిందువు రా’ అంటున్నాడు!”

హెప్సిబాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడుపే గెలిచింది. కళ్లు తుడుచుకుని నేరుగా ఇంట్లోకి వెళ్లింది. మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న సుదీప్ వాళ్లన్నయ్య ముందు నిలబడింది.

“అన్నయ్యా, గుద్దింది సుదీప్ తప్పు కాదు. నాది. ఇంక వాణ్ని అలా పిలవకు.”

అన్నయ్య తెల్లబోయి చూశాడు. గుమ్మంలో నిలబడ్డ సుదీప్ కోపం సగానికి దిగిపోయింది. కాసేపు కాలితో నేల రాశాడు. తర్వాత అట్టపెట్టె మూత తెరిచి, స్టీరింగ్ బయటికి తీశాడు.

“రేపు ఎన్నింటికే?” అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఫైనల్ మొదలైంది. ఆఖరి రేసులో ఎవరి కారు ముందు గమ్యం దాటితే ఆ జట్టుదే కప్పు. అయితే ఒక షరతు ఉంది. ఆ జట్టు రెండో కారు కూడా ఎలాగోలా గమ్యం చేరాలి. మధ్యలో ఆగిపోతే గెలుపు చెల్లదు.

ఆ రోజు యానాం కార్లు ముచ్చటగా పరిగెత్తాయి. హెప్సిబా ముందు, సుదీప్ వెనక.

“రోడ్డు ఖాళీగా ఉంది, వచ్చెయ్.”

“నీ వెనకే మౌనిక ఉంది, కుడివైపు చూస్కో.”

“చూశా. నువ్వు బ్రేకు ముందే తొక్కు, ఇక్కడ జారుతోంది.”

ఇద్దరూ ఒకరికొకరు కళ్లయ్యారు. బాబాయి జిరాక్సు షాపు తలుపు దగ్గరేసి వచ్చి నిలబడ్డాడు. నాన్న ఆటో బయట పెట్టి వచ్చాడు. మామ్మ స్టూలు ముందుకి జరుపుకుంది.

ఆఖరి రౌండ్ వచ్చింది. హెప్సిబా మొదటి స్థానంలో ఉంది. దగ్గర్లోనే సుదీప్, అతని వెనకే మౌనిక, ఆ వెనక మిగతా కార్లన్నీ. కొండ మలుపు ఇంకోసారి దాటితే కప్పు చేతిలో పడ్డట్టే. ఆ సంతోషంలో హెప్సిబా కాలు కాస్త గట్టిగా తొక్కింది.

చక్రం గడ్డి మీదికి జారింది. కారు గిర్రున తిరిగింది.

“అయిపోయింది!” అన్నాడు బాబాయి.

మళ్లీ అదే మలుపు, అదే సిగ్గు. ఇప్పుడు నోరు తెరిస్తే నాలుగు ఊళ్లూ వింటాయి. కానీ మలుపు అవతల నుంచి వస్తున్నది సుదీప్ ఒక్కడే కాదు. హెప్సిబా వేలు అందరికీ వినిపించే రెండో మీట మీద పడింది.

“తిరిగిపోయాను! నేను హెప్సిబాని! కొండ మలుపు దాటగానే రోడ్డు మీద కుడిపక్క ఆగిపోయి ఉన్నాను! అందరూ ఎడమకి రండి, ఎడమకి!”

సుదీప్ కారు మలుపు తిరిగింది. ఎడమ అంచు పట్టుకుని సర్రున దాటిపోయింది.

“ఆగకురా, వెళ్లిపో!” అని అరిచింది హెప్సిబా.

మౌనిక కారు వచ్చింది. అదీ ఎడమకి తిరిగి, హెప్సిబా కారుకి జానెడు దూరంలో దాటింది. తర్వాత కాకినాడ రెండో కారు, రాజమండ్రి కార్లు. ఆ తర్వాత అమలాపురం కార్లు.

“థాంక్స్ హెప్సీ!”

“చెప్పావు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా పనీ నీ పనీ అయిపోయేవి!”

“థాంక్సండీ!” అన్నాడు అమలాపురం జట్టులోని చిన్నవాడు, ఆ హడావుడిలో కూడా మర్యాద వదలకుండా.

ఒక్కరు కూడా నవ్వలేదు. ఒక్క కారు కూడా తగల్లేదు. హెప్సిబా కారుకి నాలుగు చక్రాలూ ఉన్నాయి! ఆమె గేరు వెనక్కి వేసి, కారుని సరైన దారికి తిప్పుకుంది.

ముందు సుదీప్, మౌనిక పక్కపక్కనే పరిగెత్తుతున్నారు. అందరికీ వినిపించే మీట నొక్కి మౌనిక మాట్లాడింది.

“సుదీప్, నీ ఎడమ పక్క నేనున్నా. నా మీదికి రాకు.”

“చూశాను. నీకు చోటొదిలాను,” అన్నాడు సుదీప్.

ఇద్దరూ ఒకరినొకరు తాకకుండా, ఒక్క ఇంచీ తగ్గకుండా గమ్యం వైపు దూసుకెళ్లారు. నాన్న మామ్మ భుజం పట్టుకున్నాడు. గీత దగ్గరికి వచ్చేసరికి సుదీప్ కారు ముక్కు ముందుంది!

“గెలిచాం! హెప్సీ, గెలిచాం!” అని సుదీప్ అరిచిన అరుపుకి హెడ్‌ఫోన్ పగిలిపోతుందేమో అనిపించింది.

“ఇంకా గెలవలేదురా, నేను రావాలిగా!” అంది హెప్సిబా.

అవును, రెండో కారు రావాలి. ఈసారి తొందరపడలేదు. ప్రతి మలుపూ చూసుకుంటూ, జాగ్రత్తగా నడిపింది. రేసు ముగించిన పిల్లలెవరూ వెళ్లిపోలేదు. “రా హెప్సీ, రా!” అని నాలుగు ఊళ్ల గొంతులూ పిలుస్తున్నాయి. వాటిలో అందరికంటే పెద్ద గొంతు మౌనికది.

ఎర్ర కారు గీత దాటింది. తెర మీద బంగారు రంగు కప్పు మెరిసింది. దాని కింద యానాం పేరు వచ్చింది. బాబాయి ఎగిరి గంతేశాడు. నాన్న ఈల వేశాడు. జిరాక్సు కోసం బయట నిలబడ్డ వాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

రాహేలు మామ్మకి మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది.

“ఎన్నో నంబరొచ్చావే?” అని అడిగింది.

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. అందరూ వింటున్నారని హెప్సిబాకి తెలుసు. మీట మీంచి వేలు తియ్యకుండా, నాలుగు ఊళ్లకీ వినపడేలా గట్టిగా చెప్పింది.

“ఆఖరు నంబరు మామ్మా! అందరికంటే ఆఖరు!”