ఉన్ని ఆకుల మోత

క్యాంపులో వంట నాది. ముప్పై మంది స్కౌట్ పిల్లలకి పొద్దున బెల్లం నీళ్ళు, మధ్యాహ్నం బంగాళాదుంపల సూపు. పారమో కొండ మీద మూడు రోజులు గుడారాలు. చెట్టన్నది ఉండదక్కడ. గడ్డీ, బురదా, మనిషెత్తున నిలబడే ఉన్ని మొక్కలూ, అంతే. వాటి ఆకులు కుందేలు చెవుల్లా మెత్తగా ఉంటాయి.

స్కౌట్ మాస్టర్ బెలిసారియో సారు. మా బొయాకా ప్రాంతం మొత్తంలో తనంత స్కౌటు లేడని ఆయన నమ్మకం. చొక్కా నిండా బిళ్ళలు, సంతలో బొత్తాల అట్టలాగ. గుడారానికి తను వేసిన ముడి గాలికి ఊడిపోతే మేకు మంచిది కాదన్నాడు. మెళ్ళో దిక్సూచి వేసుకుని మరుగుదొడ్డికి దారి తప్పాడు. అలాంటివాడు పిల్లలకి దారులు నేర్పుతాడు.

ఆ రోజు స్కౌట్లలో ‘మొదటి తరగతి’ బిళ్ళకి పరీక్ష. చెరువు దగ్గర ఒక పిల్లని రోగిలా స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, నలుగురు నలభై నిమిషాల్లో క్యాంపుకి మోసుకు రావాలి. మా అమ్మాయి నీదియా ఆ నలుగురిలో ఉంది. పదమూడేళ్ళు దానికి. ఆ బిళ్ళ కోసం ఏడాదంతా కష్టపడింది. పరీక్ష పెట్టడానికి ఊరినుంచి ఓటిలియా గారని పెద్దావిడ వచ్చింది. నలుగురూ గట్టెక్కితే సారు జిల్లా స్కౌట్లకి పెద్ద అవుతాడు.

పొద్దున నీదియా వంట గుడారంలోకి వచ్చి తల వంచుకుని నిలబడింది. సాధన చేసేటప్పుడు రోగిని రెండుసార్లు కింద పడేశారట. అందుకని సారు, మనిషి వద్దు, ఉన్ని ఆకులు కోసి దుప్పట్లో కూరి, పైన టోపీ పెట్టి తెచ్చెయ్యండి, ఆవిడకి చూపు ఆనదులే అన్నాడట. ఆ మొక్క ఏడాదికి గోరంత పెరుగుతుంది, కొయ్యడం నేరం అని పౌరుల బాధ్యతల పాఠంలో చెప్పింది ఆయనే.

"నువ్వు చెప్పమ్మా సారుకి," అంది.

వెళ్ళాను. ఏదో గొణిగాను. ఆయన నా చేతిలో గరిటె వంక చూసి, "మీరు సూపు సంగతి చూడండమ్మా," అన్నాడు. వెనక్కొచ్చి సూపు కలిపాను.

మూడింటికి, పిల్లలు చెరువు దగ్గర బయల్దేరే వేళకి, పొగమంచు దిగింది. నలభై నిమిషాలయింది. గంటయింది. గంటన్నరయింది. సారు కాఫీ తాగుతూ, స్కౌట్లు ఎక్కడికి పోతారని నవ్వాడు. నేను ఎవరికీ చెప్పకుండా చెరువు దారి పట్టాను.

తెల్లటి చీకటి. నా కాళ్ళు నాకే కనబడటం లేదు. తడిసిన ఉన్ని వాసన, కోసిన ఆకుల జిగురు వాసన. ఎక్కడో బురదలో అడుగులు... ఆగి ఆగి.

ఎదురుగా వచ్చారు. నలుగురూ వంగిపోయి ఉన్నారు. కర్రలు విల్లులా వంగాయి. ముందున్న ఇద్దరూ నన్ను చూడనైనా లేదు.

"బరువెక్కిందమ్మా," అంది నీదియా, గుసగుసగా.

"కింద పెట్టండి."

"పెట్టొద్దంటోంది."

ఎవరని అడగలేదు. దాని చేతిలో కర్ర అందుకుని, నా వెనకే రమ్మన్నాను. మా నాన్న శవపేటికకి నేనూ భుజం పట్టాను. అచ్చం ఆ బరువే. దుప్పటి లోపల మెల్లగా పక్కకి ఒత్తిగిలినట్టు కర్ర కదిలింది.

వెనక నీదియా అడుగులు వినబడుతున్నాయి. కాసేపటికి ఆగాయి.

"నీదియా?"

"ఉన్నానమ్మా."

ఆ గొంతు వెనకనుంచి రాలేదు. నా నడుం పక్కనుంచి వచ్చింది... కింద నుంచి.

మంచులో మాట ఎటునుంచి వస్తుందో తెలియదులే అనుకున్నాను. వెనక అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. తిరిగి చూడలేదు. చూడాల్సింది.

క్యాంపులో సారు చప్పట్లు కొట్టాడు. ఓటిలియా గారు మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి కింద చెయ్యి పెట్టింది. గడియారం చూస్తూ పెదాలు కదిపింది. తర్వాత టోపీ దగ్గర చెవి పెట్టి ఏదో అడిగి, కాగితం మీద రాసుకుంది.

"పిల్ల బాగా చల్లబడింది. వేడిగా ఏమైనా తాగించండి," అని, మంచులో అయిన ఆలస్యం లెక్కపెట్టకుండా నలుగురినీ గట్టెక్కించి, కాగితం సారు చేతిలో పెట్టి జీపు ఎక్కింది.

సారు మొహం పిండిముద్దలా అయింది. జీపు కదిలాక దుప్పటి లాగాడు. ఆకులే. నవ్వడం మొదలుపెట్టాడు. ముసలావిడకి ఆకులకి కూడా నాడి దొరికిందన్నాడు. ఎవరైనా చూసేలోపు మంటలో వేసెయ్యమన్నాడు. కాగితం నాకిచ్చి చేతులు ఖాళీ చేసుకున్నాడు.

నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను. నాడి, నలభై రెండు. రోగి తనే చెప్పిన పేరు... నీదియా.

తలెత్తాను. పిల్లలందరూ మంట చుట్టూ నిలబడ్డారు. ఆ చలికి ప్రతి నోటినుంచీ ఆవిరి వస్తోంది. నీదియా నోటినుంచి రావడం లేదు. నన్నే చూస్తోంది.

ఆకుల కుప్ప మీంచి మాత్రం వస్తోంది... సన్నగా. ఆగి ఆగి.

సారు ఒక చేరెడు ఎత్తాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ముట్టుకోకు," అన్నాను. ఆయన క్యాంపుల్లో వండిన తొమ్మిదేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఏదో వెటకారం ఆడబోయి, నా మొహం చూసి ఆకులు వదిలేశాడు.

ఇప్పుడాయన జిల్లాకి పెద్ద. బిళ్ళ ఇంకోటి పెరిగింది. ముడి ఇంకా రాదు.

ఆకులన్నీ ఒక్కటి కూడా పోకుండా ఇంటికి తెచ్చుకున్నాను. దుప్పట్లో చుట్టి పొయ్యి పక్కన పెట్టాను, వెచ్చగా ఉంటుందని. రాత్రిళ్ళు దాని మీద చెయ్యి వేసుకుని పడుకుంటాను. నీదియా చాలా మంచి పిల్ల అయింది. ఎదురు చెప్పదు. నేను లేవకముందే పొయ్యి రాజేస్తుంది. మంట అంటుకోగానే రోజూ ఒకటే అడుగుతుంది, మెల్లగా, బతిమాలుతున్నట్టు:

"అమ్మా, వాటిని ఎప్పుడు కాల్చేద్దాం?"