జెరూషా అత్త శ్రుతి

వెల్డాకి డల్సిమర్ శ్రుతి చెయ్యడం రాదు. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనలేదు.

ఆ పొడుగాటి తీగవాద్యాన్ని ఒళ్ళో పడుకోబెట్టి, ఎడమచేత్తో కర్రముక్కను మెట్ల మీద జరుపుతూ, కుడిచేతి ఈకతో మూడు తీగలూ మీటడం తనంతట తనే నేర్చుకుంది. మేనత్త జెరూషా పోయాక ఆ వాయిద్యం ఆమె ఇంటికొచ్చింది. వానొస్తే చెక్క ఉబ్బుతుంది, తీగలు బిగించే బిరడలు జారతాయి. కెంటకీ కొండల్లో ఎవరి డల్సిమరైనా పూటకోసారి గొంతు తప్పుతుంది. ఇది మాత్రం ఎప్పుడు తీసినా సరిగ్గా ఉండేది. అదృష్టం అనుకుంది వెల్డా. అందరూ ఆమె చెవిని మెచ్చుకుంటుంటే కాదనలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఓర్విల్ బాబాయి వచ్చాడు. మొక్కజొన్న రొట్టెను మజ్జిగలో నలుపుకుంటూ, "రేపు చర్చిలో పాడేది నువ్వే. ఏదీ, ఓ ముక్క వినిపించు," అన్నాడు.

వెల్డా స్వరాలు ఎక్కి, దిగి, పాట ఎత్తుకుంది. బాబాయి చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"ఏమే, ఆ గొంతేంటి? కప్పను మింగావా?"

"జలుబు బాబాయ్."

"జలుబు కాదు నీ మొహం! అది మా అక్క శ్రుతి. ఆవిడది బొంగురు గొంతు, నీది పిట్ట గొంతు. డల్సిమర్ని మన గొంతుకి కట్టుకోవాలి గానీ, దాని గొంతు మనం తొడుక్కుంటామా?"

తర్వాత స్వరం తగ్గించాడు. "అవునూ... అక్క శవపెట్టె గడప దాటకముందు తీగలు వదులు చేసింది నువ్వేగా?"

వాయించేవాళ్ళు పోతే ముందు తీగలు వదులు చెయ్యాలని, లేకపోతే వాళ్ళ గొంతు అందులోనే ఉండిపోతుందని ఆ లోయలో పసిపిల్లలకీ తెలుసు.

"నువ్వు చేశావనుకున్నా..."

"నేను నువ్వనుకున్నా."

బాబాయి లేచాడు. "ఇప్పుడైనా చెయ్యి," అన్నాడు టోపీ అందుకుంటూ. "నేను ముట్టకూడదు. దాన్ని పెట్టుకున్న చెయ్యే చెయ్యాలి. ఆలస్యం చెయ్యకు, పిల్లా."

ఆ లోయలో పొద్దు తొందరగా కొండ వెనక్కి జారుతుంది. బాబాయి బండి చప్పుడు వాగు దాటేలోపే వంటింట్లో చీకటి మూలలు పట్టింది. పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి. మంచు కిటికీ అద్దానికి తడిగా అంటుకుంది.

వెల్డా సన్నతీగ బిరడ తిప్పింది. తీగ జారుతూ మూలిగింది. రెండోది తిప్పింది. లావుతీగ దగ్గరికొచ్చేసరికి చెక్కలోంచి వాసన... అత్త చలికాలం మెడకి రాసుకునే కర్పూరపు వాసన. ఊపిరి బిగబట్టి అదీ వదులు చేసింది. మూడు తీగలూ చచ్చిన వానపాముల్లా పడున్నాయి.

హమ్మయ్య.

కిర్ర్...

బిరడ కదిలింది. మెల్లగా... తనంతట తను. తీగ లేచి బిగుసుకుంటోంది. ఎవరూ మీటలేదు. అయినా పలుకుతోంది. స్వరం మెట్టు మెట్టుగా పాకి, అత్త శ్రుతి దగ్గర ఆగింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

వెల్డా రెండు చేతులా బిరడ పట్టుకుంది. అది చేతుల్లోనే తిరిగింది... వెచ్చగా. మెడ పట్టుకుంటే మనిషి తల తిప్పుకున్నట్టు.

"వద్దు..." అంది.

మాట ఆమె నోట్లోంచే వచ్చింది. గొంతు ఆమెది కాదు. బొంగురుగా, ముసలిగా, ఛాతీ అడుగునుంచి వచ్చింది.

నోరు మూసుకుంది. మళ్ళీ మెల్లగా, భయం భయంగా, తన పేరు తను పలికి చూసుకుంది.

"వెల్డా..."

అత్త పిలిచినట్టే వినిపించింది.

ఆమెకంటూ ఉన్నదల్లా ఆ పిట్ట గొంతొక్కటే. ఇల్లు అమ్మది, బట్టలు అక్కవి, వాయిద్యం అత్తది. అదొక్కటే తనది. కళ్ళు జలజలా కారుతుంటే మెడ తడుముకుంది. పైకి అంతా మామూలుగానే ఉంది.

అప్పుడు డల్సిమర్ చెక్కలో గుండె ఆకారంలో తొలిచిన రంధ్రంలోంచి సన్నగా ఓ కూనిరాగం లేచింది. స్వరాలు ఎక్కుతోంది... దిగుతోంది... గాలి చాలనట్టు ఆగి ఆగి. ఆడపిల్ల గొంతు.

వెల్డాదే.

వెల్డా వెనక్కి వెనక్కి నడిచి గోడను తాకింది. భుజం పక్కన ఫోను. బాబాయి ఇప్పటికి ఇల్లు చేరి ఉంటాడు. ఈ గొంతు వింటే భయపడి పెట్టేస్తాడేమో... కానీ ఈ గొంతును గుర్తుపట్టగలిగేది ఆయనొక్కడే. డల్సిమర్ లోపలున్న పిల్ల ఊపిరి అంతకంతకూ సన్నబడుతోంది.

ఫోను చెయ్యాల్సిందే. ఇప్పుడే చెయ్యాలి.